మొదటి డికాషన్ ఎవరికి

అది మంగళవారం. పొద్దున ఆరు గంటలు. ముందువైపు ఓనరమ్మ ఇంట్లో గోడ గడియారం ఆరు కొట్టడమూ, మా ఫిల్టర్ కింది గిన్నెలో చివరి చుక్క పడడమూ ఒకేసారి అయ్యాయి. నేను స్టవ్వు ముందు గొంతుకూర్చుని ఉన్నాను. నా వెనక ఆ ఒక్క గదిలో నలుగురు పెద్దవాళ్లు ఉన్నారు. నా చేతిలో ఒక్క గ్లాసుకు సరిపడే మొదటి డికాషన్ ఉంది.

ఆ సంగతికి వస్తాను. ముందు ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

బెంగళూరు కుందలహళ్ళిలో మా కొడుకు అద్దెకుండే అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లందరూ కలిసి చిన్న పుస్తకం ఒకటి వేస్తున్నారట. మా కోడలు వచ్చి, "అత్తయ్యా, ఇంట్లో మంచి కాఫీ ఎలా పెట్టుకోవాలో మీరు పది వాక్యాలు రాయండి" అంది. పది ఎందుకు, ఒకటి చాలు అన్నాను. పొడి మీద రెండోసారి నీళ్లు పోయొద్దు. అంతే.

"అంతేనా?"

"అంతే."

"మరీ కొట్టినట్టుంది అత్తయ్యా. కొంచెం వివరంగా రాయండి."

వివరం కావాలంటే ఇదిగో వివరం. ఇది పది వాక్యాల్లో పట్టదు. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఇప్పుడు వాటిని పొదుపు చేసే ఉద్దేశం నాకు లేదు. వేస్తే మొత్తం వేయండి, లేకపోతే మానేయండి.

అప్పట్లో మేముండింది బెంగళూరులోనే, ఒక వఠారంలో. మధ్యలో ఇరుకు వాకిలి, అటూ ఇటూ ఒక్కో గది ఇళ్లు, అందరికీ కలిపి ఒకే కొళాయి. ముందువైపు మేడ ఓనరమ్మది. మా నాన్నమ్మ, అంటే మా అవ్వ, నాయన, అమ్మ, నేను ఒక గదిలో ఉండేవాళ్లం. సొంత ఊరు హిందూపురం దగ్గర. ఊళ్లో మాకు కాఫీ తెలియదు. బెంగళూరు వచ్చాకే మాకు పొద్దు కాఫీతో మొదలవడం అలవాటైంది.

వఠారం ఆడవాళ్లం అందరం ఇళ్లలో కూర్చుని అగరబత్తులు చుట్టేవాళ్లం. నేను బడికి పోలేదు. చిన్నప్పటి నుంచి పీట మీద పుల్ల పెట్టి, నల్లటి ముద్ద అంటించి అరచేత్తో దొర్లించడమే నా చదువు. చేతులు ఎంత తోమినా ఆ వాసన పోయేది కాదు. అన్నం తిన్నా, తల దువ్వుకున్నా, ఏడ్చి కళ్లు తుడుచుకున్నా అగరబత్తి వాసనే. ఆ వాసనను ఓడించేది ఒక్కటే ఉండేది. పొద్దున్నే అమ్మ పెట్టే కాఫీ.

శనివారం సాయంత్రం అమ్మతో కలిసి మార్కెట్‌లో కాఫీపొడి కొట్టే అంగడికి పోవడం నాకు పండుగ. గింజలు కళ్ల ముందే మరలో పోసేవాడు. మర తిరుగుతుంటే వీధి వీధంతా ముక్కు ఎత్తుకుని నడిచేది. అంగడాయన అటు తిరిగినప్పుడు నేను రెండు గింజలు నోట్లో వేసుకునేదాన్ని. చేదు. అయినా ప్రతి వారం వేసుకునేదాన్ని.

"చికోరి ఎష్టు అమ్మా?" అని, కాఫీలో కలిపే ఆ చవక పొడి ఎంత వెయ్యాలో కన్నడం కలిపి అడిగేవాడు అంగడాయన.

"సల్పమే వెయ్యప్పా. మాకు ఎంతేసినా తెలీదు, మేము రెండోది తాగేవాళ్లం. ఇంటాయనకు తెలిసిపోతాది" అనేది అమ్మ.

పొట్లం వేడిగా ఉండేది. అమ్మ దాన్ని అప్పుడే పుట్టిన కుక్కపిల్లను పట్టుకున్నట్టు కడుపుకు ఆనించుకుని ఇంటిదాకా నడిచేది. ఆ కొంచెంసేపు వేడి ఆమెది. పొడి ఆమెది.

ఇంటికి వచ్చాక కాదు.

రెండోది అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. ఫిల్టర్‌లో పొడి వేసి ఒకసారి నీళ్లు పోస్తే కిందికి దిగేది మొదటి డికాషన్. అది చిక్కగా, నల్లగా ఉంటుంది. గ్లాసులో పోస్తే అంచుకు పట్టుకుంటుంది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే దిగేది రెండో డికాషన్. దానికి రంగుంటుంది, ఇంకేమీ ఉండదు. మా ఇత్తడి ఫిల్టర్ చిన్నది. మొదటిది ఒక్క గ్లాసుకే వచ్చేది. అది నాయనకు. రెండోది అవ్వకు, అమ్మకు, నాకు.

ఈ కట్టుబాటు అవ్వది. "బయటికి పోయి కష్టపడే మనిషికి మొదటిది. నీడన కూకునేవాళ్లకు రెండోది" అనేది. తనకు తాను కూడా మినహాయింపు ఇచ్చుకోలేదు. ముసలిదాన్ని, పెద్దదాన్ని అని ఒక్క చుక్క ఎక్కువ పోయించుకోలేదు. అందుకే ఆమె మాటను ఎవరూ దాటలేకపోయారు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మొదటిది తాగి లేచిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. గడప దాటాక వెనక్కి పిలవకూడదు. చెప్పు తెగినా, ఇల్లు అంటుకున్నా పిలవకూడదు. ఇది అవ్వ మనసులో రాతి మీద గీత.

నేను చేసే దొంగతనం ఒకటి ఉండేది. నాయనకు డికాషన్ వంపేశాక గిన్నె అడుగున ఒక చుక్క మిగులుతుంది. అమ్మ రెండోసారి నీళ్లు పోసేలోపు వేలు పెట్టి ఆ చుక్క తీసి నాక్కునేదాన్ని. ఒకసారి అదే వేలిని అమ్మ నోటి దగ్గర పెట్టాను.

"ఛీ, తియ్యి. ఎంగిలి" అని మొహం తిప్పుకుంది.

ఆ ఫిల్టర్‌ను రోజూ కడిగేది ఆమె. చిల్లులు మూసుకుపోతే పై గిన్నెను మంట మీద పట్టి, చిల్లుల్లో ఇరుక్కున్న పొడిని కాల్చి తట్టేది. డికాషన్‌ను ఏనాడూ పొయ్యి మీద పెట్టలేదు. చల్లారితే వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెట్టేది. పాలు ఒక్క పొంగుకే దించేది. మా ఇంటికి వచ్చినవాళ్లు గ్లాసు కింద పెట్టి, "ఇట్లాంటి కాఫీ ఈ వీధిలో లేదప్పా" అని నాయనతో చెప్పేవాళ్లు. నాయన మీసం తుడుచుకునేవాడు. అది ఎట్లా ఉంటుందో పెట్టిన మనిషికి తెలియదు.

నాయన మేస్త్రి. ఆ ఏడు హొసకోటె రోడ్డులో ఒక పెద్ద కట్టడం మీద పని. ఒకరోజు పొద్దున కాఫీ తాగి వాకిలి దాకా పోయాడు. అన్నం క్యారియర్ గూట్లోనే ఉండిపోయింది. అమ్మ చూసుకుని, "క్యారియరు మరిచిపోయినావే" అని గట్టిగా కేకేసింది. నాయన వెనక్కి వచ్చి తీసుకుపోయాడు. ఆ మధ్యాహ్నమే పైనుంచి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఎన్నో ఏళ్లు గోడలకు సిమెంటు పూసినవాడి కాలికి ఇప్పుడు సిమెంటు కట్టు వేసి ఇంటికి పంపారు.

అవ్వ ఆస్పత్రిలో ఏడవలేదు. ఇంటికి వచ్చాక అమ్మతో ఒక్క మాట అంది.

"పిలిచినావు కదమ్మే వెనక్కి."

ఆ మాట మా గదిలో ఇంకో మనిషిలాగా ఉండిపోయింది. అమ్మ అన్నం వడ్డిస్తుంటే ఉండేది, బట్టలు ఆరేస్తుంటే ఉండేది. నాయన పడిందెందుకో అమ్మకు తెలుసు, ఆయన నిలబడిన కర్రల పరంజా కట్టు ఊడింది. అవ్వకు మాత్రం పిలిచినందుకే.

రెండు వారాలకు అమ్మ గార్మెంట్స్‌కు పోవడం మొదలుపెట్టింది. వీధి మూలకు వ్యాను వచ్చి ఆడవాళ్లను ఎక్కించుకుని పోయేది. చొక్కాలకు మిగిలిన దారాలు కత్తిరించే పని. చెప్పకుండా ఒక్క పూట మానితే ఆ చోట ఇంకొకరు నిలబడతారు. బయట నిలబడి అడిగేవాళ్లు అంతమంది ఉండేవాళ్లు.

అమ్మ వంటలో పడి వ్యానుకు సిద్ధమవ్వాలి కాబట్టి ఫిల్టర్ నా చేతికి వచ్చింది. మొదటి రోజు నేను పొడిని గట్టిగా అదిమేశాను. నీళ్లు పోస్తే కదలవు. పొడి మీద గుంతలో నిలిచినట్టు నిలిచాయి. మూత తీసి నోటితో గట్టిగా ఊదాను. మొహమంతా కాఫీ.

నాయన మంచం మీద నుంచి చూసి నవ్వాడు. పడ్డాక ఆయన నవ్వింది అదే మొదటిసారి. "కాఫీ పెట్టినావా, దిమ్మిస కొట్టినావా మే?"

"ఇసుక పరిచినట్టు పరచాలే. మేస్త్రి కూతురివి, ఆ మాత్రం తెలీదా?" అంది అమ్మ జడ వేసుకుంటూ.

రెండో రోజు చుక్కలు దిగాయి. కానీ నా చేతుల వాసన పొడికి పట్టింది. నాయన ఒక గుటక తాగి, "దేవుని గూట్లో కూకోని తాగినట్టుండాది" అన్నాడు. ఆ తర్వాత చింతపండు పులుసుతో చేతులు తోముకుని, తడి ఆరాకే పొడి ముట్టుకునేదాన్ని. వారం తిరిగేసరికి చెయ్యి కుదిరింది.

సాయంత్రం అమ్మ వచ్చేటప్పటికి జుట్టు నిండా దారప్పోగులు. నేను ఏరుతూ కూర్చుంటే ఆమె ఆ రోజు కబుర్లు చెప్పేది. ఎవరో చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టేశారని, సూపరువైజరు దాన్ని తొడుక్కుని అందరికీ చూపించాడని. అమ్మ అంత నవ్వగలదని నాకు తెలియదు. ఒకరోజు గొంతు తగ్గించి అంది:

"పాపా, ఆడ నన్ను పేరు పెట్టి పిలుస్తారే."

మా ఇంట్లో ఆమె "ఏమ్మే". అవ్వకూ "ఏమ్మే", నాయనకూ "ఏమ్మే". నాకు అమ్మ. ఆమె పేరు నేను కూడా అప్పుడప్పుడు మరిచిపోయేదాన్ని.

ఆ వ్యాను ఆమెకు ఎప్పటికీ తప్పిపోకూడదు అని నేను అప్పుడే అనుకున్నాను.

మరుసటి పొద్దున నాయనకు మొదటిది ఇచ్చి వచ్చి అవ్వ దగ్గర కూర్చున్నాను.

"అవ్వా, బయటికి పోయి కష్టపడే మనిషికి కదా మొదటిది?"

"ఊ."

"నాయన ఇప్పుడు నీడన్నే ఉండాడు. అమ్మ పోతాండాది. మరి ఎవురికి పొయ్యాల?"

"వాడు మొగోడే."

"మొగోళ్లకని నువ్వు చెప్పలేదే. కష్టపడేవాళ్లకని చెప్పినావు."

చీపురు వచ్చి వీపు మీద పడింది. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ నా చెయ్యి గిల్లి, "నోరు మూసుకో. నాకు రెండోదే అలవాటు" అంది.

అలవాటు అనే మాట మీద నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అవ్వ కబురు పంపినట్టుంది. సోమవారం సాయంత్రం పెదనాయన దిగాడు. నాయనకు అన్న. దొడ్డబళ్ళాపురంలో మగ్గాల షెడ్డులో పెద్దపని. తమ్ముడి పెళ్లాన్ని నేరుగా పలకరించకూడదని ఆయన పట్టింపు. అమ్మకు చెప్పాల్సింది ఏదున్నా గోడకు చెప్పేవాడు.

"తమ్ముడూ, నువ్వు మంచం మీద కాఫీ తాగుతాంటే ఇంటిది వ్యాను ఎక్కి పోతాండాదంట. ఆ మాట మా షెడ్డు దాకా వచ్చిందప్పా."

"కాలు బాగయ్యేదాకా కదన్నా" అన్నాడు నాయన.

"కాలు బాగయ్యేదాకా పరువు ఆగుతాదా? రేపటి నుంచి మానమని చెప్పు. ఒక్క పూట పోకుంటే చాలు, వాళ్లే తీసేస్తారు. నువ్వు చెప్పలేకుంటే నేనుండి పోతాలే."

నాయన దుప్పటిని కట్టు కాలి మీదికి లాక్కున్నాడు. తలుపు పక్కన అమ్మ బియ్యం ఏరుతోంది. చేటలో చెయ్యి ఆగింది, మళ్లీ కదిలింది.

అట్లా వచ్చింది మంగళవారం.

అమ్మ ఎప్పటిలాగే లేచి, వండి, స్నానం చేసి, క్యారియర్ కట్టుకుంది. పోతాననలేదు, పోననలేదు. పెదనాయన కుర్చీని గుమ్మం దగ్గరికి లాక్కుని కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. గడియారం ఆరు కొట్టింది. చుక్క ఆగింది.

"ఈ పొద్దు ఎవురూ యాడికీ పోబల్లేదు. కాఫీ తాగి, కూకోని మాట్లాడుకుందాం" అన్నాడు గోడతో.

వీధి మూలలో వ్యాను హారన్ మోగింది. అది ఎక్కువసేపు ఆగదు. అమ్మ క్యారియర్ పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది. నాయన తన సిమెంటు కాలును చూసుకుంటున్నాడు.

"మే పాపా, మొదటిది పెదనాయనకు సగం, నాయనకు సగం పొయ్యి" అంది అవ్వ.

"బై టూ అన్నమాట. హోటల్లో మాదిరి" అని పెదనాయన నవ్వాడు.

నేను సగం చేయలేదు. మొత్తం ఒకే గ్లాసులో పోశాను. పాలు పోసి, చక్కెర వేసి, ఎత్తి పోసి నురగ తెప్పించాను. గ్లాసు అంచు దాకా నిండింది, వేళ్లు కాలుతున్నాయి. పెదనాయన చెయ్యి చాపాడు. ఆ చెయ్యి దాటాను. నాయన మంచం దాటాను. అమ్మ చేతిలో పెట్టాను.

"ఏందే ఇది?" అంది అవ్వ.

"బయటికి పోయి కష్టపడే మనిషికి మొదటిది అవ్వా. నువ్వు చెప్పిందే."

చీపురు అవ్వ పక్కనే ఉంది. నేను వీపు చూపించి నిలబడ్డాను, కొడితే కొట్టమని. కొట్టలేదు.

అమ్మ ఎవరి మొహమూ చూడలేదు. ఒక గుటక తాగింది. ఆగింది.

"ఇట్లుంటాదా ఇది" అంది.

ఎవరితో అందో తెలియదు. దాన్ని అన్నేళ్లు తన చేత్తో దించిన, పొట్లం కడుపుకు ఆనించుకుని మోసిన మనిషి అన్న మాట అది. తర్వాత నిదానంగా, నిలబడే, మిగిలిందంతా తాగింది. తొందరపడలేదు. వ్యాను రెండోసారి హారన్ కొట్టింది. గ్లాసు నా చేతికిచ్చి, కొంగు నడుముకు దోపుకుని, పెదనాయన చాపిన కాళ్ల ముందు వచ్చి నిలబడింది. దాటలేదు, అడగలేదు. ఆయన కాళ్లు ముడుచుకునేదాకా నిలబడింది. అమ్మ గడప దాటింది.

పెదనాయన కుర్చీలోంచి లేచాడు. పట్టింపు మరిచిపోయి నోరు తెరిచాడు. "ఓ అమ్మా..."

"పిలవొద్దురా."

అది అవ్వ గొంతు. నేను ఎప్పుడూ విననంత గట్టిగా వచ్చింది.

"మొదటిది తాగి గడప దాటింది. వెనక్కి పిలవొద్దు. ఒకతూరి పిలిస్తే ఏమాయనో, మంచం మీద ఉండేవాణ్ని చూడు."

పెదనాయన మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. వాకిలి చివర అమ్మ చెప్పుల చప్పుడు, వ్యాను తలుపు పడిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

నేను పొడి మీద రెండోసారి నీళ్లు పోశాను. దిగింది దిగినట్టు కలిపి నాయనకు ఇచ్చాను. ఒక గుటక తాగి గ్లాసులోకి చూశాడు.

"నీళ్ల మాదిరి ఉండాదే."

"మేము తాగేది ఇదే నాయనా."

ఆయన గ్లాసు మళ్లీ ఎత్తాడు. చివరిదాకా తాగాడు. నన్ను చూడకుండా ఖాళీ గ్లాసు చాపాడు. పెదనాయన తనకు వద్దన్నాడు. సంచి తీసుకుని బస్సుకు పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో ఆయన మంచినీళ్లు తప్ప తాగలేదు. అది ఆయన ఇష్టం.

మరునాడు పొద్దున నేను పొడి వేస్తుంటే అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసింది.

"ఇంగ రెండు స్పూన్లు వెయ్యి."

"ఎవురికి అవ్వా?"

"చాలీ చాలకుంటేనే కదే ఈ గలాటె అంతా. చిన్నప్పుడు నేనూ రాళ్లు మోసినదాన్నే. నాకూ పొయ్యి, చూస్తాను" అంది.

చూసింది. బాగుందని చెప్పలేదు. గ్లాసు ఖాళీ చేసి, "నీళ్లు ఇంగా సల్ప కాగాల" అని వంక పెట్టింది. ఆమె మెచ్చుకోవడం అట్లాగే ఉంటుంది. కొన్నాళ్లకు అమ్మ పెద్ద ఫిల్టర్ కొని తెచ్చింది.

నాయన కాలు బాగయింది. అమ్మ మానలేదు, ఎవరూ మానమనలేదు. ఇద్దరూ ఒకే వేళకు గడప దాటేవాళ్లు. ఒకసారి అమ్మ క్యారియర్ మరిచిపోయి పోయింది. దాన్ని పట్టుకుని వీధి మూలదాకా పరిగెత్తాను, నోరు తెరవకుండా. పిలవకుండా ముందుకు పోయి, ఎదురు రాకుండా పక్కనుంచి చేతిలో పెట్టాను. వ్యానులో ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. నవ్వనీ.

ఆ వఠారం ఇప్పుడు లేదు. కొళాయి ఉన్నచోట కార్లు నిలబెడుతున్నారు. అగరబత్తులు మిషన్లు చుడుతున్నాయి. పొడి కొట్టే మర వాసన ఆ వీధికి రాదు. వాటికోసం నేను ఏడవను. ఒక కొళాయికి అంతమందిమి కొట్టుకున్నవాళ్లం, ఆ రోజులే బాగుండేవని చెప్పే అబద్ధం నా చేత కాదు. బాగుండింది ఒకటి. అది ఆ గ్లాసు.

మా కోడలు ఇదంతా చదివి, "అయితే మిగిలిన పొడిని ఏం చేయమంటారు?" అని అడిగింది. చెట్టుకు వేయమన్నాను. నా ఇంట్లో రెండోసారి నీళ్లు పడవు. చుట్టాలు ఎక్కువమంది వస్తే మళ్లీ పొడి వేసి, మళ్లీ మొదటిది దించుతాను. ఆలస్యమైతే కూర్చోనీ.

ఆ మంగళవారం ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో చెప్పి ఆపుతాను. మంచం మీద నాయన, కాలికి కట్టుతో, చేతిలో రెండో డికాషన్‌తో. గుమ్మం దగ్గర పెదనాయన, ఉత్త చేతులతో. గోడకు ఆనుకుని అవ్వ, పక్కన చీపురు, తన మాటకు తనే కట్టుబడి. స్టవ్వు ముందు నేను, కాలిన వేళ్లతో. అమ్మ ఆ గదిలో లేదు. మొదటిది తాగి వెళ్లిపోయింది.